ఒక ప్రాచీన గ్రీకు నగరం, దాని గుళ్ల గురించి నమ్మదగ్గ ఆధారాలు వెతకడం ఎలా? పేస్టమ్ ఉదాహరణగా

దక్షిణ ఇటలీలో, సలెర్నో పట్టణానికి దిగువన, సముద్రానికి దగ్గర్లో మూడు గ్రీకు గుళ్లు ఇప్పటికీ స్తంభాలతో సహా నిలబడి ఉన్నాయి. ఆ ఊరిని గ్రీకులు పోసిడోనియా అన్నారు, రోమన్లు పేస్టమ్ అన్నారు. నెట్‌లో వెతికితే ఆ మూడు గుళ్లకు బసిలికా, నెప్ట్యూన్ గుడి, సెరీస్ గుడి అని పేర్లు కనిపిస్తాయి. ఈ పేర్లు పాతకాలపు యాత్రికులు, పండితులు ఊహించి పెట్టినవి. ఏ ఒక్కదానికీ తవ్వకాల్లో దొరికిన వస్తువుల అండ లేదు. అయినా అక్కడి బోర్డుల మీదా, ఫొటోల కిందా, కొత్త పుస్తకాల్లో కూడా అవే నడుస్తున్నాయి.

అందుకే ఈ ఊరిని ఉదాహరణగా తీసుకున్నాను. ఒక గుడి గురించి ఎవరైనా ఒక మాట చెబితే, ఆ మాట ఏ ఆధారం మీద నిలబడిందో వెనక్కి నడుచుకుంటూ వెళ్లి చూడగలగాలి. డిగ్రీ, పీజీలో ప్రాచీన చరిత్ర చదువుతున్నవాళ్లకీ, చరిత్ర మీద తెలుగులో రాస్తున్నవాళ్లకీ, ఇష్టం కొద్దీ చదువుకునేవాళ్లకీ ఇది పనికొస్తుంది. గ్రీకు, లాటిన్ రాకపోయినా ఫర్వాలేదు.

మొదటి పని: పేర్ల పట్టిక

పుస్తకాల జోలికి పోకముందే ఒక కాగితం మీద మూడు గుళ్లకు మూడు వరుసలు గీయండి. ఒక్కో గుడికి ఎన్ని పేర్లు ఉన్నాయో అన్నీ ఆ వరుసలో రాసుకోండి. ఈ పని చేయకుండా మొదలుపెడితే రెండో రోజుకే ఏ వ్యాసం ఏ గుడి గురించి మాట్లాడుతోందో తెలియక తల తిరుగుతుంది.

దక్షిణ కొసన ఉన్నది అన్నిటికంటే పాతది, క్రీ.పూ. 550 ప్రాంతంలో మొదలైంది. బసిలికా, మొదటి హెరా గుడి, పాత హెరా గుడి అన్నీ దీని పేర్లే. హెరా అంటే గ్రీకుల దేవతల రాణి. ముందువైపు 9 స్తంభాలు, పక్కన 18. ముందు బేసి సంఖ్య ఉండటం గ్రీకు గుడికి చాలా అరుదు. పైగా గర్భగుడి మధ్యలో నిలువునా ఒక స్తంభాల వరుస ఉంది. ఇవి చూసి 18వ శతాబ్దపు పండితులు ఇది గుడి కాదు, ఏదో సభాభవనం అనుకుని బసిలికా అన్నారు. దాని పక్కనే క్రీ.పూ. 5వ శతాబ్దం నడిమిలో కట్టిన పెద్ద గుడి, ముందు 6, పక్కన 14 స్తంభాలు. నెప్ట్యూన్ గుడి, పోసైడన్ గుడి, రెండో హెరా గుడి అన్నీ ఇదే. ఊరి పేరు పోసిడోనియా కాబట్టి అన్నిటికంటే గొప్ప గుడి సముద్రదేవుడు పోసైడన్‌దే (రోమన్లకు నెప్ట్యూన్) అయ్యుంటుందని అప్పట్లో అనుకున్నారు. ఉత్తరాన, క్రీ.పూ. 500 ప్రాంతంలో కట్టిన చిన్న గుడి మూడోది. 6 x 13 స్తంభాలు. దీన్ని సెరీస్ గుడి అన్నారు, ఇప్పుడు ఎథీనా గుడి అంటున్నారు.

పట్టికలో నాలుగో వరుస కూడా ఉంచండి. ఊరి బయట, సెలె నది సముద్రంలో కలిసే చోటికి దగ్గర్లో ఇంకో హెరా క్షేత్రం ఉంది. హెరా గుడి అని మాత్రమే రాసిన వ్యాసం ఊళ్లోని గుడి గురించా, నది ఒడ్డు క్షేత్రం గురించా అన్నది ముందే తేల్చుకోవాలి. తెలుగులో ఇంతవరకు వచ్చిన కొద్దిపాటి రాతల్లోనే కాదు, ఇంగ్లిష్ ట్రావెల్ వ్యాసాల్లో కూడా ఈ రెండూ కలిసిపోతుంటాయి.

రెండో పని: ఒక మంచి మ్యాపు, రెండు చిన్న పరిచయ వ్యాసాలు

వికీపీడియా చూడొద్దని చెప్పను. చూడండి, కానీ అడుగున ఉన్న పుస్తకాల పేర్ల కోసం చూడండి. తర్వాత ప్లెయడీస్ అనే ఉచిత వెబ్‌సైట్‌కు వెళ్లి పేస్టమ్ అని కొట్టండి. ప్రాచీన స్థలాల పేర్లు, స్థానాలు, ఏ కాలంలో ఏ పేరు వాడారో అక్కడ దొరుకుతుంది. పరిచయం కోసం ప్రిన్స్‌టన్ వాళ్లు 1976లో తెచ్చిన ప్రాచీన స్థలాల విజ్ఞాన సర్వస్వం ఉంది. పెర్సియస్ డిజిటల్ లైబ్రరీలో దాన్ని ఉచితంగా చదవొచ్చు. పాతదే, కానీ ప్రతి వ్యాసం కింద అప్పటివరకు జరిగిన తవ్వకాల నివేదికల పేర్లు ఉంటాయి. గ్రీకు నగరాల మీద హాన్సెన్, నీల్సెన్ సంపాదకత్వంలో 2004లో ఆక్స్‌ఫర్డ్ నుంచి వచ్చిన పెద్ద జాబితా గ్రంథం ఇంకా మేలు. పోసిడోనియా ఎప్పుడు పుట్టింది, ఎవరు స్థాపించారు, ఏ నాణేలు ముద్రించింది అన్న ప్రతి వాక్యం పక్కనా ఆధారం ఉంటుంది. ఈ రెండు చదివితే చాలు. పరిచయాల దగ్గరే నెలలు గడిపేయకండి.

మూడో పని: పాత రచయితలు ఏమన్నారో వాళ్ల మాటల్లోనే చదవడం

ఇక్కడ కాస్త ఆగాలి. చాలామంది "ప్రాచీన రచయితల ప్రకారం" అని రాసేస్తారు. ఏ రచయిత, ఎక్కడ, ఎన్ని శతాబ్దాల తర్వాత రాశాడు అన్నది చూడరు.

ముందు ఒక హెచ్చరిక. గ్రీకు గుళ్లు అనగానే అందరూ పౌసానియస్ దగ్గరకు పరిగెడతారు. ఆయన క్రీ.శ. 2వ శతాబ్దంలో గుడిగుడికీ తిరిగి రాసిన మాట నిజమే, కానీ ఆయన పుస్తకం గ్రీసు ప్రధాన భూభాగం గురించి. ఇటలీలోని గ్రీకు ఊళ్లకు అలాంటి వర్ణన లేదు. ఇప్పుడు నిలబడి ఉన్న పేస్టమ్ గుళ్లలో ఏది ఏ దేవుడిదో ఒక్క ప్రాచీన రచయిత కూడా చెప్పలేదు.

మరి ఉన్నదేమిటి? స్ట్రాబో ఉన్నాడు. క్రీస్తుశకం మొదలైన రోజుల్లో భూగోళం మీద రాశాడు. దక్షిణ ఇటలీలోని ఇంకో గ్రీకు నగరం సిబారిస్ నుంచి వచ్చినవాళ్లు సముద్రం పక్కన కోట కట్టారనీ, తర్వాత వలస వచ్చినవాళ్లు లోపలికి జరిగారనీ, ఆ ఊరిని ముందు ఇటలీ స్థానిక జాతివాళ్లయిన లుకానియన్లు, తర్వాత రోమన్లు లాక్కున్నారనీ, పక్కనున్న నది బురదనేలగా మారడంతో అక్కడి గాలి ఆరోగ్యానికి మంచిది కాదనీ అంటాడు. ఇది 5.4.13లో ఉంది. ఈ అంకెలు చూసి భయపడకండి. 5వ పుస్తకం, 4వ అధ్యాయం, 13వ భాగం అని అర్థం. ఏ భాషలో, ఏ ముద్రణలో చదివినా ఈ అంకెలు మారవు. అందుకే మీ నోట్సులో పేజీ నంబరు కాకుండా ఈ అంకెలే రాసుకోవాలి. స్ట్రాబో ఇంగ్లిష్ అనువాదం మొత్తం లాకుస్‌కుర్టియుస్ అనే వెబ్‌సైట్‌లో ఉచితంగా ఉంది. పెర్సియస్‌లో గ్రీకు మూలం కూడా ఉంది.

ఇప్పుడు ఇద్దరు రచయితలను పక్కపక్కన పెట్టి చదివే పద్ధతి చూద్దాం. నది ఒడ్డు హెరా క్షేత్రం గురించి స్ట్రాబో 6.1.1లో చెబుతాడు. సిలారిస్ నది (ఇప్పటి సెలె) దాటాక లుకానియా మొదలవుతుందని, అక్కడ గ్రీకు పురాణ వీరుడు జేసన్ స్థాపించిన హెరా క్షేత్రం ఉందని, అక్కడికి 50 స్టేడియాల లోపలే పోసిడోనియా ఉందని అంటాడు. అంటే దాదాపు 9 కిలోమీటర్లు. క్రీ.శ. 1వ శతాబ్దపు రోమన్ రచయిత ప్లినీ తన ప్రకృతి చరిత్రలో 3.70 దగ్గర అదే క్షేత్రాన్ని ప్రస్తావిస్తాడు, కానీ నదికి ఇవతలివైపు, ఉత్తరాన ఉన్న పికెంటైన్ నేలలో చేర్చి చెబుతాడు. ఒకే గుడి, ఇద్దరు పేరున్న రచయితలు, నదికి రెండు వేర్వేరు ఒడ్లు. వీళ్లలో ఎవరు నిజమో వాళ్ల పుస్తకాలు ఎంత తిరగేసినా తేలదు. 1934లో జానోట్టి బియాంకో, జాన్కాని మోంటువోరో అనే ఇటాలియన్ పురావస్తు పరిశోధకులు కలిసి వెతికి ఆ క్షేత్రాన్ని నదికి ఎడమ ఒడ్డున, అంటే దక్షిణాన కనిపెట్టారు. స్ట్రాబో చెప్పినదే సరైంది. పురాణ కథలు చెక్కిన డజన్ల కొద్దీ రాతి పలకలు అక్కడ బయటపడ్డాయి. ఆ ఒక్క తవ్వకం పశ్చిమ గ్రీకు శిల్పం గురించి రాసే పద్ధతినే మార్చేసింది.

అయితే స్ట్రాబో ఒకసారి నెగ్గాడని అన్నిసార్లూ నమ్మేయకూడదు. అదే వాక్యంలో క్షేత్రాన్ని జేసన్ స్థాపించాడని కూడా అన్నాడు కదా! స్థలం గురించిన మాట వేరు, పురాణం గురించిన మాట వేరు. ఒకే వాక్యంలో ఉన్నా విడదీసి రాసుకోండి.

పాత రచయితను మట్టి ఎదిరించే సందర్భాలు కూడా ఉంటాయి. ఎథీనియస్ అనే రచయిత తన 14వ పుస్తకంలో, 632ఎ దగ్గర, అంతకు ఎన్నో శతాబ్దాల ముందు సంగీతం మీద రాసిన గ్రీకు రచయిత అరిస్టాక్సెనస్ మాటలు ఎత్తి రాశాడు. పోసిడోనియా వాళ్లు ఒకప్పుడు గ్రీకులై ఉండి తర్వాత భాష, ఆచారాలు మర్చిపోయారట. ఏడాదికి ఒక్క గ్రీకు పండుగ మాత్రం చేసుకుంటూ, పాత మాటలు తలచుకుని, ఒకరితో ఒకరు చెప్పుకుని ఏడ్చి వెళ్లిపోతారట. మనసును పట్టేసే కథ. అందుకే ప్రతి వ్యాసంలోనూ ఇది కనిపిస్తుంది. కానీ తవ్వకాలు ఏం చూపించాయి? లుకానియన్ల పాలనలో, క్రీ.పూ. 4వ శతాబ్దంలో, ఆస్టియాస్ అనే కుండల చిత్రకారుడు తన పేరు గ్రీకులోనే సంతకం చేశాడు. గ్రీకులు కట్టుకున్న గుండ్రటి సభాస్థలం వాడుకలోనే ఉంది. అక్కడ దొరికిన రాతి మీద లుకానియన్ల ఓస్కన్ భాషలో, గ్రీకు లిపిలో ఒక అంకితం ఉంది. ఊరు మొత్తం గ్రీకును మర్చిపోయి ఏడ్చిందన్న మాట ఇంత ఆధారం ముందు తేలిగ్గా నిలవదు. అరిస్టాక్సెనస్ అక్కడ నిజానికి సంగీతం చెడిపోతోందన్న బాధతో మాట్లాడుతున్నాడు, పోసిడోనియాను పోలికగా తెచ్చాడు. ముందు వెనక పేరా చదివితేనే ఈ సంగతి తెలుస్తుంది. అందుకే చెబుతున్నాను, ఉల్లేఖన దొరికితే దాని చుట్టూ ఉన్న పేజీ కూడా చదవండి.

నాలుగో పని: 18వ శతాబ్దపు బొమ్మల పుస్తకాలు, జాగ్రత్తగా

ఈ గుళ్లు యూరప్‌లో పేరు తెచ్చుకున్నది 1750ల తర్వాత. ఫ్రెంచ్ వాస్తుశిల్పి సుఫ్లో 1750లో కొలతలు తీసుకున్నాడు. లండన్‌లో థామస్ మేజర్ 1768లో, ఇటలీలో పావోలి 1784లో పెద్ద సంపుటాలు తెచ్చారు. పిరనేసీ 1778లో వేసిన చెక్కుడు బొమ్మలు ఇప్పటికీ పుస్తకాల అట్టల మీద కనిపిస్తాయి. ఇవన్నీ ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనో, పెద్ద లైబ్రరీల సైట్లలోనో స్కాన్ చేసి ఉన్నాయి.

వీటి విలువ ఒక్కచోటే ఉంది. అప్పుడు నిలబడి ఉండి తర్వాత పడిపోయిన లేదా మరమ్మతుల్లో మారిపోయిన భాగాలను ఇవి చూపిస్తాయి. కొలతల కోసం మాత్రం వీటిని నమ్ముకోవద్దు. మేజర్ తన బొమ్మల్ని ఇతరులు గీసినవాటి నుంచి, ఇతరులు తీసిన కొలతల నుంచి తయారు చేశాడు. అడుగులు కూడా దేశానికో రకంగా ఉండేవి. కొలత కావాలంటే 1899లో కోల్డెవై, పుఖ్‌ష్టైన్ అనే జర్మన్లు దక్షిణ ఇటలీ, సిసిలీ గుళ్ల మీద తెచ్చిన గ్రంథం నుంచి మొదలుపెట్టండి. అక్కణ్నుంచి ముందుకు రండి.

ఐదో పని: తవ్వకాల నివేదికలు, గుడి కొలతల గ్రంథాలు

అసలు సరుకు ఇక్కడుంది. ఎథీనా గుడి మీద ఫ్రీడ్రిష్ క్రౌస్ 1959లో, పాత హెరా గుడి మీద డీటర్ మెర్టెన్స్ 1993లో జర్మన్‌లో పూర్తి గ్రంథాలు తెచ్చారు. రాయి రాయికీ కొలత ఉంటుంది. నది ఒడ్డు క్షేత్రం మీద దాన్ని కనిపెట్టినవాళ్లిద్దరే 1950లలో ఇటాలియన్‌లో నివేదిక ఇచ్చారు. 1980ల చివర్లో అక్కడ మళ్లీ తవ్వారు. శిల్పాలు ఏ భవనానివి అన్న విషయంలో మొదటి నివేదిక చెప్పిన మాట ఆ తర్వాత వివాదమైంది. కాబట్టి మొదటి నివేదిక ఒక్కటే చదివి ఆపకూడదు. ఇంగ్లిష్‌లో మొత్తం ఊరి కథ కావాలంటే జాన్ గ్రిఫిత్స్ పెడ్లీ 1990లో రాసిన పుస్తకం ఇప్పటికీ మంచి దారి. నేనైతే దాన్ని చదివాకే జర్మన్, ఇటాలియన్ పుస్తకాలు తెరవమంటాను. బొమ్మలు ముందే తెలిసి ఉంటే భాష అంత అడ్డం రాదు.

భాష రాకపోతే ఫోన్‌లోని అనువాద యాప్ వాడుకోండి. ఒక్కటి గమనించండి. పండితుడు "బహుశా", "అయి ఉండొచ్చు" అన్నచోట యాప్ ఒక్కోసారి ఆ మాట మింగేసి ఖాయంగా చెప్పేస్తుంది. ఇటాలియన్‌లో ఫోర్సె, ప్రొబాబిల్మెంతె, జర్మన్‌లో వోల్, ఫీల్లైష్ట్, వెర్మూట్లిష్ అనే మాటలు ఎలా ఉంటాయో గుర్తుపెట్టుకుని, మూలంలో అవి ఉన్నాయో లేదో చూడండి. దేవుడి పేరు చెప్పే వాక్యాల్లో ఇవి దాదాపు ఎప్పుడూ ఉంటాయి.

ఏ గుడి ఎవరిదో ఎలా తేల్చారు అన్నది చదివేటప్పుడు ఆధారాల రకాలను విడదీయండి. ఉత్తరాన ఉన్న చిన్న గుడిని ఎథీనాకు ఇవ్వడానికి ముఖ్య కారణం అక్కడ దొరికిన, ఆయుధాలు పట్టిన ఎథీనా మట్టిబొమ్మలు. భక్తులు మొక్కుబడిగా తెచ్చి ఇచ్చినవి అవి. దక్షిణాన హెరా బొమ్మలు గుట్టలుగా దొరికాయి. అయితే దక్షిణాన రెండు పెద్ద గుళ్లు ఒకే ఆవరణలో పక్కపక్కనే ఉన్నాయి. మొక్కుబడి వస్తువులు ఏ గుడివో ఎలా చెబుతారు? అందుకే నెప్ట్యూన్ గుడి అనే పెద్ద గుడి హెరాదని కొందరు, జ్యూస్‌దని కొందరు, అపోలోదని ఇంకొందరు వాదిస్తున్నారు. మీరు రాసేటప్పుడు "రెండో హెరా గుడి" అని ఖాయంగా రాయకండి. "రెండో హెరా గుడిగా పిలిచే గుడి" అనండి. రెండు మాటలు ఎక్కువైనా సరే.

ఆరో పని: ఆ మాట ఇంకా నిలబడి ఉందో లేదో చూడటం

దీన్ని దాటేసేవాళ్లే ఎక్కువ. నన్ను అడిగితే మొత్తం పనిలో ఇదే ముఖ్యం.

1954లో సెస్టియెరి అనే పురావస్తు శాస్త్రవేత్త ఊరి నడిమధ్య, నేలలోకి దిగి ఉన్న ఒక చిన్న రాతి గదిని తవ్వి తీశాడు. పైకప్పు చెక్కుచెదరలేదు. క్రీ.పూ. 6వ శతాబ్దం చివరిది. లోపల 8 కంచు పాత్రలు, ఒక ఏథెన్స్ కుండ, గుడ్డ చుట్టిన ఇనుప కడ్డీలు ఉన్నాయి. పాత్రల్లో జిగురుగా ఉన్న పదార్థం చూసి తేనె అనుకున్నారు. తేనె అంటే అమరత్వానికి గుర్తు కాబట్టి ఆ వివరణ చక్కగా అతికింది. తర్వాత 30 ఏళ్లలో మూడు బృందాలు పరీక్షించి తేనె దాఖలా లేదన్నాయి. అది జంతువుల కొవ్వో, మొక్కల నూనో అయి ఉంటుందన్నాయి. చాలా ఏళ్లు జాగ్రత్తపరులైన రచయితలు "తేనె అనుకున్నారు, కాదని తేలింది" అనే రాశారు. 2025లో ఆక్స్‌ఫర్డ్ బృందం కొత్త పరికరాలతో అదే పదార్థాన్ని మళ్లీ పరీక్షించి, అది తేనె అవశేషమేనని ప్రకటించింది.

చూడండి, 1960లో తేనె అని రాసినవాళ్లదీ, 2000లో కాదని రాసినవాళ్లదీ తప్పు కాదు. ఇవాళ రాసేవాళ్లు పాత పుస్తకం ఒక్కటే చూసి రాస్తే మాత్రం తప్పు. ఆ గది ఎవరిది అన్నదీ ఇలాగే మారుతూ వచ్చింది. హెరాదన్నారు, జలదేవతలదన్నారు. ఊరి స్థాపకుడిగా కొలిచిన వీరుడి స్మారకం అన్న అభిప్రాయం ఇప్పుడు ఎక్కువగా వినిపిస్తుంది. తవ్విన వస్తువు అదే, దాని చుట్టూ అల్లిన కథే మారుతోంది.

ఈ మార్పులు పట్టుకోవడానికి దారులు ఉన్నాయి. బ్రిన్ మార్ క్లాసికల్ రివ్యూ అనే ఉచిత సైట్‌లో 1990 నుంచి వచ్చిన పుస్తకాల సమీక్షలు ఉన్నాయి. మీరు నమ్ముకున్న పుస్తకం పేరు అక్కడ కొట్టి, ఇంకో పండితుడు ఎక్కడ ఒప్పుకోలేదో చూడండి. జర్మన్ పురావస్తు సంస్థ వాళ్ల జెనాన్ అనే గ్రంథాలయ సూచిక కూడా ఉచితమే. ఊరి పేరు ఇటాలియన్‌లో, గ్రీకు రూపంలో, రెండు రకాలుగా కొట్టండి. కొత్త వ్యాసాలు పైకి వచ్చేలా సర్దుకోండి. పండిత పత్రికల వ్యాసాలు దాచే జేస్టోర్ అనే సైట్‌లో సొంత ఖాతా తెరిస్తే నెలకు 100 వ్యాసాల దాకా స్క్రీన్ మీద ఉచితంగా చదవొచ్చు. యూనివర్సిటీలో చదువుతున్నవాళ్లు ముందు లైబ్రరీలో అడగండి. కాలేజీ లాగిన్‌తో ఇంటి నుంచే దొరికే జర్నల్స్ ఉంటాయి, చాలామందికి ఆ సంగతే తెలియదు. ఏ వ్యాసమూ దొరక్కపోతే రాసినాయనకే చిన్న ఈమెయిల్ పెట్టండి. పండితులు ఇలాంటి మెయిళ్లకు చాలామంది సంతోషంగా జవాబిస్తారు.

నోట్సు రాసే తీరు

ప్రతి విషయానికీ ఒక్క వాక్యం రాయండి, పక్కన నాలుగు గళ్లు పెట్టండి: ఎవరన్నారు, ఎప్పుడన్నారు, దేని ఆధారంగా, ఎవరు కాదన్నారు. మూడో గడిలో "శైలి" అని వస్తే ఒక గీత గీసుకోండి. స్తంభం తలభాగం ఆకారం చూసి పెట్టిన తేదీకీ, పునాది కింద దొరికిన కుండపెంకును బట్టి పెట్టిన తేదీకీ బలం ఒకటి కాదు. పేస్టమ్ గుళ్ల తేదీల్లో మొదటి రకమే చాలా ఉంది. ఒక పుస్తకం 460 అనీ, ఇంకోటి 450 అనీ చెప్పడానికి కారణం అదే. అందుకే "క్రీ.పూ. 460" అని గట్టిగా రాయకుండా "5వ శతాబ్దం నడిమి" అంటే చాలు.

మొదటిసారి ప్రయత్నించేవాళ్లు మూడు గుళ్లూ ఒకేసారి ఎత్తుకోకండి. ఎథీనా గుడితో మొదలుపెట్టండి. చిన్నది, పూర్తిగా కొలిచి ప్రచురించినది, దేవత విషయంలో వాదన తక్కువ. పైగా గ్రీకు స్తంభాల్లో రెండు వేర్వేరు శైలులు, బయట డోరిక్, లోపలి మండపంలో అయోనిక్, ఒకే గుడిలో ఉన్నాయి. ఏథెన్స్‌లో పార్థినాన్ కట్టడానికి రెండు తరాల ముందే ఇక్కడ ఆ కలయిక జరిగింది. పెడ్లీ పుస్తకంలో ఆ అధ్యాయం చదివి, క్రౌస్ గ్రంథంలోని బొమ్మలు ముందేసుకుని, పేర్ల పట్టికలో మూడో వరుస నింపండి. అది పూర్తయ్యాకే దక్షిణాన ఉన్న రెండు పెద్ద గుళ్ల వాదంలోకి దిగండి.